కరహీ కొండ దారిలో

అట్లాంటా నుంచి ఈశాన్యంగా వెళ్తే టొకోవా అనే చిన్న ఊరు వస్తుంది. కమ్మింగ్, ఆల్ఫారెటా వైపు ఉండే మన తెలుగువాళ్ళు అక్కడి జలపాతం చూసి వెనుదిరుగుతుంటారు. నేను కరహీ కొండ ఎక్కాలనే బయల్దేరాను. 1942 వేసవిలో అమెరికా సైన్యపు 506వ పారాచూట్ రెజిమెంట్ పుట్టింది ఆ కొండ పక్కనే.

ముందు పాత రైల్వేస్టేషన్‌లోని మ్యూజియంకి వెళ్ళాను. సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు రైలు దిగిన చోటు అది. చాలామందికి ఇరవై అటూ ఇటూ. పారాచూట్ దళానికి కోరి వచ్చినవాళ్ళే అంతా. సిపాయి జీతం నెలకు 50 డాలర్లు, విమానంలోంచి దూకేవాళ్ళకి ఇంకో 50. ఆర్థికమాంద్యంలో పెరిగిన పిల్లలకి అది ఇల్లు నిలబెట్టే డబ్బు. తర్వాత ఇంగ్లండులో వాళ్ళు తలదాచుకున్న గుర్రపుశాలను ఊడదీసి తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. ఆ ఇరుకు గదుల ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

కొండదారి మన గోదావరి మెట్టప్రాంతంలా ఎర్రమట్టి. మూడు మైళ్ళు పైకి, మూడు మైళ్ళు కిందికి. మొదటి మైలు దాటేసరికే నాకు ఊపిరి అందలేదు. ఆ పిల్లలు బరువైన బూట్లతో దీన్ని పరిగెత్తి ఎక్కేవారు. అదొక్కటే అయితే సరే. కసరత్తులు, అడ్డంకుల మైదానం, 34 అడుగుల బురుజు మీంచి పట్టీలు కట్టుకుని దూకడం, రాత్రి నడకలు కూడా ఉండేవి. ఒక కంపెనీలోనైతే రాత్రంతా నడిచినా గుక్కెడు నీళ్ళు తాగకూడదు. చివర్లో ప్రతివాడూ సీసా బోర్లించి, అది నిండుగానే ఉందని చూపించాలి. అలసిన పిల్లల చేత నీళ్ళు నేల పాలు చేయించడం నాకిప్పటికీ మింగుడు పడదు.

ఆ డిసెంబరులో రెండో బెటాలియన్‌ను ఇక్కడి నుంచి అట్లాంటాకి నడిపించారు. 118 మైళ్ళు. చలి, వాన, బురద, భుజాన మెషిన్‌గన్లు. నేను కారులో రెండు గంటల లోపే వచ్చాను.

శిక్షణకు వచ్చినవాళ్ళలో సగానికి మించి చివరిదాకా నిలవలేకపోయారు. నిలిచినవాళ్ళు 1944 జూన్ 6 తెల్లవారుజాము చీకట్లో నార్మండీలో దూకారు. పుస్తకాలూ సినిమాలూ వాళ్ళ గురించే. దిగుతూ నేను మిగతావాళ్ళ గురించి ఆలోచించాను. మోకాలు నొచ్చో, కాలు బెణికో ఈ దారిలోనే ఆగిపోయిన కుర్రాళ్ళు. వాళ్ళని ఇంటికి పంపలేదు, వేరే దళాలకి మార్చారు. యుద్ధం వాళ్ళకీ తప్పలేదు.