మళ్ళీ నైనితాల్

మావారు రిటైరైన రోజు స్కూల్లో శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి పంపించారు. ఇంటికొచ్చి, ఆ గడియారం సంచిలోంచి తీయకుండానే "ఇగ నైనితాల్ పోదామా?" అన్నారు. నేను కాశీ అనుకున్నాను. పిల్లలు సింగపూర్ అన్నారు. ఈయనది మాత్రం ముప్పై మూడేళ్లుగా ఒకటే పాట.

మేం మొదటిసారి వెళ్లింది 1992 మే నెలలో, పెళ్లయిన ఏడాదికి. కొల్లాపూర్ నుంచి బస్సులో హైదరాబాద్, అక్కడ్నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, మళ్లీ రాత్రి బండిలో కాఠ్‌గోదాం, ఆపైన మెలికలు తిరిగే కొండదారిలో బస్సు. దారంతా నాకు వాంతులే. పైకి చేరాక మాత్రం అన్నీ మర్చిపోయాను. మా కొల్లాపూర్‌లో మామిడితోటలే ఎండకు సొమ్మసిల్లే రోజుల్లో అక్కడ నాకు స్వెటర్ కొనాల్సి వచ్చింది. చుట్టూ కొండలు, మధ్యలో పచ్చటి చెరువు, ఈ కొసన తల్లీతాల్, ఆ కొసన మల్లీతాల్, రెంటినీ కలుపుతూ ఒడ్డు వెంబడి మాల్ రోడ్డు.

అంత దూరం పోయి ఈయన పడవెక్కలేదు. "నువ్వు పో, నేను ఈడ కూసుంట" అని బెంచీ మీద కూర్చుండిపోయారు. నేను ఎవరో గుజరాతీ కుటుంబంతో కలిసి ఎక్కాను. హనీమూన్ ఫోటోలో నేను, పక్కన ఆ గుజరాతీ పెద్దావిడ! ఆ ఫోటో చూపించి మా చెల్లెళ్ల దగ్గర ఈయన్ని ఎంత ఏడిపించానో లెక్కలేదు. కృష్ణ ఒడ్డున పుట్టినాయనకు నీళ్లంటే భయమా అని. ఈయన నవ్వి ఊరుకునేవారు.

ఇంకో సంగతి మా ఇంటి తలుపు. ఇల్లు కొత్తగా కట్టుకున్నా తలుపు మాత్రం పాతదే, మా అత్తమ్మవాళ్ల ఊరి నుంచి వచ్చింది. వానాకాలంలో ఉబ్బి మూసుకోదు, ఎండాకాలంలో సందులోంచి దుమ్ము. నిరుడు మా అబ్బాయి మంచి టేకు తలుపు పెట్టిద్దామంటే, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి "దాని జోలికి పోవద్దు" అని లేచిపోయారు. నాకు కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు.

అత్తమ్మవాళ్ల ఊరు మునిగిందని నాకు పెళ్లినాడే తెలుసు. శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్లు పోయాయి. 1981లో ఖాళీ చేయించారు. మా దగ్గర ఎవరిని కదిపినా ఇదే కథ. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే నేనెప్పుడూ ప్రత్యేకంగా అడగలేదు.

సరే, 2025 అక్టోబర్‌లో బయల్దేరాం. ఈసారి ఏసీ బోగీ, మోకాళ్లకు పట్టీలు, బీపీ మాత్రల డబ్బా. సకినాలు, మామిడికాయ తొక్కు మాత్రం అప్పటిలాగే. నైనితాల్‌లో హోటళ్లు పెరిగాయి, హారన్లు పెరిగాయి. చెరువు మాత్రం అదే. కాల్చిన మక్కబుట్ట తింటూ నడుస్తుంటే ఈయన ఉన్నట్టుండి "పడవెక్కుదామా?" అన్నారు. నేను ఆయన మొహం చూశాను. ఎందుకని అడిగితే మనసు మార్చుకుంటారేమోనని గబగబా టికెట్ కొన్నాను.

తెడ్డు వేసే అతనికి మా వయసే ఉంటుంది. ఒడ్డునున్న నయనాదేవి గుడి చూపించి, 1880 సెప్టెంబర్‌లో రెండు రోజులు ఆగని వానకు కొండచరియ విరిగిపడి 151 మంది పోయారని, అప్పుడు గుడి కూడా పోయిందని, తర్వాత మళ్లీ కట్టుకున్నారని చెప్పాడు. ఇప్పుడు పిల్లలు ఆడుకునే ఆ పెద్ద మైదానం కూడా ఆ మట్టితో పరుచుకున్నదేనట. మా ఆయన పాలమూరు ఉర్దూలో అతన్ని ఒకటే అడిగారు, "జనం ఊరు విడిచి పోలేదా?" అని. "ఎక్కడికి పోతాం సాబ్, చెరువు ఇక్కడే ఉందిగా" అన్నాడతను.

కాసేపటికి ఈయన నాతో మాట్లాడటం మొదలుపెట్టారు, నీళ్లవైపే చూస్తూ.

"ఊరు ఖాళీ చేయించినంక గూడ నాయనమ్మ పోయి సగం కూలిన ఇంట్లనే ఉండె. వానలకు నీళ్లు ఎక్కుతున్నయని నాయిన, నేను పుట్టి ఏసుకొని పోయినం. రానంటది. తలుపు ఇడిసిపెట్టి రానంటది. ఆఖరికి తలుపు ఊడదీసి పుట్టిల అడ్డం ఏసి, దానిమీద ఆమెను కూసోబెట్టినం. మా బజార్ల నేను గోలీలాడిన జాగ మీంచే పుట్టి పోయింది. కింద మా అరుగు కనపడ్తుండె. నాయనమ్మ ఒక్కటే మాట అన్నది. సోమశిల గుళ్లు, మంచాలకట్ట మాధవస్వామి గుడి రాయి రాయి ఇప్పి పైన కడ్తున్నరట, దేవునికి ఇల్లు మళ్లా అయితది, మనకే లేదు అని."

నేను చాలాసేపు ఏమీ అనలేకపోయాను. తర్వాత, "మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె? మీ తమ్ముని పొలానికి ఎల్లూరు కాడ ఎత్తిపోసే నీళ్లే వస్తయి. కాల్వ వచ్చిననాడు మీ నాయిన ఏడ్చిండు సంతోషంతోని. గా నీళ్ల కింద మా ఇల్లున్నదని చెప్పి ఆయన సంబరం చెడగొట్టాల్నా?"

మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. బోర్లు ఎండి, మా నాన్న అప్పులపాలై, చిన్నతమ్ముణ్ణి బొంబాయి కూలికి పంపిన రోజులు నాకు తెలుసు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాకే మా పుట్టింట్లో వరి కళ్లజూశాం. ఆ నీళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆయనకూ లేదు. అందుకే ఇన్నేళ్లూ ఆ మాట లోపలే పెట్టుకున్నారు.

"అయితే ఈ ఊరంటే ఎందుకంత ఇష్టం?" అని అడిగాను.

"ఈడ నీళ్లున్నయి, ఇండ్లున్నయి. రెండూ ఒక్కతాన ఉన్నయి. జూస్తుంటే మంచిగనిపిస్తది" అన్నారు. అంతే. అరవై దాటిన మనిషి, నారింజరంగు లైఫ్‌జాకెట్‌లో చిన్నపిల్లాడిలా కూర్చుని ఉన్నారు. నేను ఆ గుజరాతీ ఆవిడ ఫోటో గురించి వేసిన జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. దిగేముందు పడవతన్ని అడిగి మా ఇద్దరికీ ఫోటో తీయించుకున్నాను.

ఇంటికొచ్చాక వడ్ల సాయిలును పిలిపించాను. ఈయన కంగారుపడి బయటికొచ్చారు. "తలుపు తీసేయడానికి కాదండీ, కొత్త బందులు వేసి, అడుగున కొంచెం చిత్రిక పట్టడానికి" అన్నాను. ఇప్పుడు చక్కగా మూసుకుంటోంది. ఇన్నేళ్లు తిట్టుకుంటూ తుడిచిన దాన్ని నేనే కూర్చుని నూనె గుడ్డతో రుద్దాను. గొళ్లెం దగ్గర చెక్క అరిగి నున్నగా ఉంది. ఎన్ని చేతులు పడ్డాయో.

డిసెంబర్‌లో మా తమ్ముడు కొత్తబియ్యం బస్తా తెచ్చాడు. వండి, మొదటి ముద్ద నాయనమ్మ ఫోటో ముందు పెట్టాను. తమ్ముడు ఎందుకక్కా అని అడిగితే, మావారే పీట వాల్చుకుని వాడికి మొత్తం చెప్పారు, పుట్టి సంగతితో సహా. వాడు విని, భోజనం అయ్యాక వెళ్తూ వెళ్తూ తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి నిలబడ్డాడు.

సోమశిల మాకు పది కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ ఇప్పుడు నీళ్లు నిండుగా ఉన్నాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గోడల పునాదులు తేలతాయి, మా అరుగు జాగ చూపిస్తానన్నారు. పిల్లలిద్దరికీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, ఏప్రిల్‌లో సెలవు పెట్టుకోండి, సింగపూర్ తర్వాత చూద్దామని.