కుట్టు లెక్కపెట్టే కళ్లు

పెండ్లిలో ఎవరి భుజానైనా పెద్ద పేరున్న బ్యాగు కనిపిస్తే చాలు, పక్క కుర్చీల్లోవాళ్లు కూర్చున్నచోటి నుంచే పంచనామా మొదలుపెడతారు. జిప్పు మీద అక్షరాలు చదువుతారు, పిడి దగ్గర కుట్లు లెక్కపెడతారు, తోలు రంగు ఎక్కడ మారిందో చూస్తారు, చివరికి "ఫస్ట్ కాపీ" అని తీర్పు చెప్పేస్తారు. అదే పెండ్లిలో రిటర్న్ గిఫ్టుగా "కరీంనగర్ ఫిలిగ్రీ" అని చెప్పి కుంకుమభరిణె పంచితే మాత్రం, అది మిలమిలా మెరిసే జర్మన్ సిల్వరైనా సరే, దాన్ని తిప్పి చూసేవాళ్లు ఒక్కరూ ఉండరు. మూత తీసి, "బాగుంది" అని సంచిలో వేసుకుంటారు. పారిస్ కుట్టు మీద ఇంత అనుమానమూ, ఊళ్లో వెండి తీగ మీద అంత నమ్మకమూ ఏమిటో అర్థం కాదు. పైగా బ్యాగుల మీద నేర్చుకున్న ఆ చూపు ఇక్కడి వస్తువుల దగ్గర పనికిరాదు సరిగదా, తలకిందులుగా పనిచేస్తుంది.

బ్యాగుల పండితులకు మూలమంత్రం ఒకటే: అంతా ఒకే తీరుగా ఉంటే అసలు, తేడా ఉంటే నకిలీ. ఈ మంత్రం పారిస్‌లోనే సరిగా పారదు. లూయీ విటాన్ కంపెనీ వాళ్లు నకళ్ల బాధ పడలేక 1888లో గళ్ల గుడ్డ తెచ్చారు. అదీ చాలక 1896లో కొడుకు జార్జ్, తండ్రి పేరులోని రెండక్షరాలు పూలతో కలిపి అచ్చువేయించాడు. నకలును ఆపడానికి పుట్టిన ఆ గుర్తే ఇవాళ లోకంలో అతిగా నకలయ్యే గుర్తుల్లో ఒకటైంది. వాళ్ల స్పీడీ అనే బ్యాగును ఒకే గుడ్డ ముక్కను కింద నుంచి మడిచి కుడతారు కాబట్టి ఒకవైపు అక్షరాలు నిటారుగా, రెండోవైపు తలకిందులుగా ఉంటాయి. తెలియనివాడు దాన్నే చూసి "దొరికింది దొంగ" అంటాడు. ఎర్మెస్ వాళ్ల బర్కిన్ బ్యాగు సంగతి ఇంకా తమాషా. మైనం పట్టించిన నార దారంతో, రెండు సూదులతో, గుర్రపు జీను కుట్టినట్టు చేత్తో కుడతారు. ఆ కుట్టు కొద్దిగా వాలుతుంది. గీత గీసినట్టు నిటారుగా నడిచిందంటే మిషన్ నడిచిందన్నమాట. ఆ బ్యాగుకు పేరిచ్చిన నటి జేన్ బర్కిన్ కోసం చేసిన మొట్టమొదటి బ్యాగు 2025 జులైలో పారిస్ వేలంలో దాదాపు 86 లక్షల యూరోలు పలికింది. ఆవిడ ఏళ్ల తరబడి మోసి వాడిన బ్యాగు అది, గీతలూ అంటించిన స్టిక్కర్ల జాడలూ ఉన్నాయి. ఆ మరకలతో సహా కొనుక్కున్నారు.

ఇక మన వెండి దగ్గరికి వద్దాం. ఎలగందుల పేరుతో, ఆ తర్వాత కరీంనగర్ పేరుతో నిలిచిన ఈ ఫిలిగ్రీకి, అంటే వెండి తీగ పనికి, 2007లో జి.ఐ. (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. వెండిని కమ్మచ్చులో పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి, దాని నుంచి ఇంకా చిన్నదానికి లాగుతూ పోతే వెంట్రుకలాంటి తీగ వస్తుంది. రెండు తీగలు పురిపెట్టి, అణచి, చుట్టలు చుట్టి, ముద్దుగా వంపులు తిప్పి, లావు తీగతో కట్టిన చట్రంలో ఒక్కొక్కటే కూర్చి, వెలిగారంతో అతికి మంట చూపిస్తారు. ఒక్క క్షణం ఎక్కువైతే పొద్దుటి నుంచి చేసిందంతా ముద్దయిపోతుంది. ఇన్ని చేతి కదలికల్లో ఏ రెండు చుట్టలూ ఒకటిగా రావు. నకిలీ చూస్తే అచ్చులో పోసినది: వంపులన్నీ కవలలు, తీగ మీద పురి కనబడదు, రెండు తీగలు కలిసేచోట అతుకు లేకుండా ఒకే లోహం పారినట్టు ఉంటుంది. ఫస్ట్ కాపీ కళ్లు దాన్ని చూసి "ఎంత నీటుగా ఉందో" అని మెచ్చుకుంటాయి, అసలుదాన్ని చూసి "ఇక్కడ కొంచెం వంకరొచ్చింది, తగ్గించు" అని బేరమాడతాయి. అలాగని చెడ్డపనికి చేతిపని అన్న పేరు ముసుగు కాకూడదు. వంపు మారడం వేరు, అతుకు ముద్దకట్టడం వేరు. మొదటిది చెయ్యి, రెండోది అశ్రద్ధ.

బ్యాగు ఖరీదు లక్షల్లో కదా, చూసుకోవద్దా అంటారు. లక్షలు పెట్టేవాళ్లు చూసుకోవలసిందే. కానీ కరీంనగర్ టవర్ సర్కిల్ లాంటి బజారులో రెండు వేలకు కొనే మనిషికి అది పారిస్‌ది కాదని తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. అక్కడ మోసపోయేది ఎవరైనా ఉంటే పక్క కుర్చీలో మనిషి. జర్మన్ సిల్వర్ భరిణెను ఫిలిగ్రీ అని అమ్మితే మాత్రం మోసపోయేది కొన్నవాళ్లే. రాగి, జింకు, నికెల్ కలిసిన ఆ లోహంలో వెండి అనేది బొత్తిగా లేదు. బ్యాగుకొక చూపు, భరిణెకొక చూపు అనే పక్షపాతం చట్టానికి లేదు. ట్రేడ్‌మార్కుల చట్టమూ, జి.ఐ. చట్టమూ రెండూ 1999లో వచ్చినవే. దొంగగుర్తు వేసినా, దొంగ ఊరిపేరు పెట్టినా ఒకే శిక్ష: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మరి బీదవాళ్లు చౌకది కొనుక్కోవద్దా అని ఇంకో ప్రశ్న. హాయిగా కొనుక్కోవచ్చు, పేరు మార్చకుండా అమ్మితే. సిరిసిల్లలో మరమగ్గాల మీద బట్ట నేస్తారు, మరమగ్గం బట్టనే చెప్పి అమ్ముతారు, అందులో తలదించుకోవలసింది ఏమీ లేదు. ఆ మగ్గం మీది గుడ్డకో, ఇంకెక్కడో అచ్చొత్తిన గుడ్డకో పోచంపల్లి అని పేరు పెట్టినప్పుడే పేచీ. దాన్ని పట్టడానికి భూతద్దం అక్కర్లేదు, కొంగు తిప్పితే చాలు. పోచంపల్లి ఇకత్‌లోలా రంగు దారానికి ముందే పట్టి ఉంటే వెనకా ముందూ ఒకటే, అచ్చు వేస్తే వెనక వెలవెలబోతుంది. ఇకత్ పువ్వు అంచు కొద్దిగా చెదిరి, నీళ్లలో నీడలా ఉంటుంది. దాన్నీ "ప్రింటు సరిగా పడలేదు" అనేవాళ్లున్నారు!

ఆదిలాబాద్ వైపు ఓజ కళాకారులు పోసే డోక్రా లోహపు బొమ్మలకి 2018లో జి.ఐ. వచ్చింది. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట లోహం పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే మట్టిని పగలగొట్టాలి, కాబట్టి ఆ అచ్చులో రెండోది రాదు. ఒకే తీరు నందులు వరసగా పన్నెండు నిలబెట్టి అమ్ముతుంటే ఆ పన్నెండూ అనుమానించదగ్గవే. నిర్మల్ బొమ్మల సంగతి మరీ ముచ్చట. పొనికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల లప్పంతో అతికి, రంగులు వేసే నకాషీల చేతిలో మామిడిపండూ అరటిపండూ ఎంత నిజంగా వస్తాయంటే, అవి కూడా ఒకరకం నకిలీలే, కాకపోతే చెట్టుకు నకిలీలు. చెట్టు కేసు వేయదు. ఇప్పుడు వాటికి ప్లాస్టరులో నకళ్లు చేస్తే, ఆ నకిలీ పండుకు నకిలీని పట్టడం ఎలా? రంగులో, ముచ్చికలో, తొక్క మీది మచ్చలో తేడా దొరక్కపోవచ్చు. పొనికి కర్ర తేలిక, అరచేతిలో పెడితే ఉన్నట్టే ఉండదు. అచ్చం మామిడిపండంత బరువు తూగిందంటే అది నిర్మల్ మామిడిపండు కాదు.