చీకట్లో చూసే చేప

అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లిన మన పెద్దవాళ్లకి పగళ్లు గడవవంటారు. మిన్నెసోటా వెళ్లిన ఈ రిటైర్డ్ మాస్టారికి గడవనిది సాయంత్రం. జూన్ నెలాఖర్లో అక్కడ తొమ్మిదింటికి గానీ పొద్దు గుంకదు. కైకలూరు దగ్గర పల్లెలో ఎనిమిదింటికల్లా అన్నం తిని పడుకునే మనిషాయన. అయినా ఆ వెలుతురు ఆయనకి మేలే చేసింది. చీకటి పడితే కళ్లు ఆనవు మరి. నీటికాసులు, అదే గ్లకోమా, అని విజయవాడలో డాక్టరు చెప్పి రెండేళ్లయింది. చుక్కల మందు వేసుకుంటున్నారు. కొడుక్కి మాత్రం చెప్పలేదు. చెబితే తిరుగు టిక్కెట్టు క్యాన్సిల్ చేయిస్తాడని భయం.

పక్కింటాయన స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయనకి వాల్‌ఐ చేపల పిచ్చి. ఆ మాటకొస్తే అక్కడ అందరికీ అంతే. 1965 నుంచి అది ఆ రాష్ట్రపు అధికారిక చేప. మన గోదావరి వాళ్లకి పులస ఎంతో, వాళ్లకి అది అంత. వేసవిలో దాన్ని పట్టాలంటే రాత్రి పూట వెళ్లాలి. 'తాతయ్యా, నువ్వూ రావాలి' అని పదమూడేళ్ల మనవడు పట్టుబట్టాడు. వాడికి లైసెన్సు అక్కర్లేదు. తాతగారికే ఒక్కరోజు లైసెన్సు కొనాల్సి వచ్చింది.

రాత్రే ఎందుకంటే, కిటుకంతా దాని కంట్లో ఉంది. పిల్లి కంట్లో ఉన్నట్టే వాల్‌ఐ కంటి వెనక కూడా అద్దం లాంటి పొర ఉంటుంది. లోపలికొచ్చిన కాస్త వెలుతురునీ ఆ పొర వెనక్కి కొడుతుంది. రెటీనాకి అదే వెలుతురు రెండోసారి అందుతుంది. అది తినే పెర్చ్ చేపలకి పగలు చూపు బాగుంటుంది, మునిమాపు వేళకి మందగిస్తుంది. సరిగ్గా అప్పుడు వాల్‌ఐ లోతుల్లోంచి పైకి, రాళ్ల దిబ్బల మీదికి, నాచు అంచులకి వస్తుంది. మసకే దాని పెట్టుబడి. నీళ్లు తేటపడితే చెరువు బాగుపడిందనుకుంటాం మనం. వాల్‌ఐ సంగతి వేరు. అదే రాష్ట్రంలోని మిల్లాక్స్ సరస్సులో 2005లో జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు కనిపించాయి. అవి నీళ్లని వడగట్టే జీవులు. సరస్సు తేరుకుంది, చేపలు తగ్గాయి. తగ్గడానికి కారణాలు చాలానే చెబుతారు, నీళ్లు తేటపడటం వాటిలో ఒకటి. 2016 వేసవిలోనైతే అక్కడ పట్టిన వాల్‌ఐని పట్టినట్టే వదిలేయాలని రూలు పెట్టారు.

వీళ్లు వెళ్లింది లీచ్ లేక్‌కి. మినియాపోలిస్ నుంచి ఉత్తరంగా మూడు గంటల పైన ప్రయాణం. లక్ష ఎకరాలు దాటిన నీళ్లు. ఐదో కాంటూరు లెక్కన మన కొల్లేరు కన్నా పెద్దది. లీచ్ అంటే జలగ. గాలానికి గుచ్చే ఎరా జలగే! మాస్టారికి నవ్వొచ్చింది.

బోటు ఎక్కేటప్పుడు ఆయన అంచు కోసం తడుముకోవడం కొడుకు కంటపడింది.

'నాన్నా, కనపడట్లేదా?'

'బోటు ఊగుతోందిరా.'

పదిన్నరకి పూర్తిగా చీకటి. మిగతా వాళ్ల బెండ్లకి చిన్న బ్యాటరీ దీపాలున్నాయి. అవి మునిగితే లాగాలి. మాస్టారు బెండు వద్దన్నారు. దారాన్ని చూపుడువేలి మీద వేసుకుని కూర్చున్నారు. కప్పపిల్లని గుచ్చి కొరమీనుకి గాలం వేసిన చెయ్యి అది. చూడాల్సిన పని లేదు.

పదకొండు దాటాక దారం కాస్త బరువెక్కింది. ఆయన లాగలేదు. మనవడు 'లాగు, లాగు' అంటున్నా మరికాస్త వదిలారు. ఎరని పూర్తిగా మింగనిచ్చి అప్పుడు ఒక్క గుంజు గుంజారు. పైకొచ్చింది ఇరవై నాలుగు అంగుళాల చేప. పక్కింటాయన తలకి కట్టుకున్న టార్చి దాని మీద పడగానే కళ్లు నిప్పుకణికల్లా మెరిశాయి. లైటు పక్కకి తిప్పితే అవే కళ్లు తెల్లగా, పొర కమ్మినట్టున్నాయి.

'అయ్యో, దీనికి శుక్లాలురా' అన్నారు మాస్టారు, మొహం దగ్గరగా పెట్టి చూస్తూ.

'కాదు తాతయ్యా, దానికి చీకట్లో మనందరికన్నా బాగా కనిపిస్తుంది.'

ఇరవై అంగుళాలు దాటినది ఒక్కటి ఉంచుకోవచ్చు. కానీ అంత పెద్దవి ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడచేపలని, వాటిని వదిలేయడం తన అలవాటని పక్కింటాయన చెప్పాడు. మనవడు తెలుగులో చెప్పాడు. మాస్టారికి మనసొప్పలేదు. అంత చేపని నీళ్లపాలు చేసి ఇంటికెళ్లిన రోజు ఆయన జీవితంలో లేదు. రెండు చేతులతో నీళ్లలోనే పట్టుకుని కొంతసేపు అలాగే ఉన్నారు. తోక ఆడింది. వదిలారు.

'నాకూ ఉందిరా కంట్లో. నీటికాసులు' అన్నారు, నీళ్లవైపే చూస్తూ.

'ఎప్పట్నుంచి?'

'రెండేళ్లు.'

బోటుకి నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. కొడుకు గొంతు సవరించుకున్నాడు. 'టిక్కెట్టు...' అనబోయాడు.

'ఇంటికెళ్లాక మాట్లాడదాంలే' అని మాస్టారు జలగల డబ్బా కోసం చెయ్యి చాపారు. 'చేపలు తిరిగే వేళ ఇది.'