సోమల పటము – మూడు యంత్రములు



సోమల చుట్టుపట్ల ఊళ్ళ పేర్లను, చెరువుల పేర్లను సేకరించడం నా పదవీ విరమణానంతర వ్యాసంగం. నోటుపుస్తకంలో పేర్లు ఎన్ని ఉన్నా పటం మీదికి ఎక్కనిదే వాటికొక చోటు కుదరదు. అంతర్జాలంలోని పటాలు అందంగానే ఉంటాయి గాని, ఏ ఊరు చూపాలో ఏది విడిచిపెట్టాలో వారి ఇష్టం. అందువలన జీఎంటీని ఆశ్రయించాను. గ్రీనిచ్ కాలమానంతో దీనికి చుట్టరికమేమీ లేదు. ‘జెనరిక్ మ్యాపింగ్ టూల్స్’ అన్నదానికి పొడి అక్షరాలు. పాల్ వెసెల్, వాల్టర్ స్మిత్ అనే ఇద్దరు కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు 1980ల చివరలో దీనికి శ్రీకారం చుట్టారు. ఉచితం. మౌసుతో నొక్కవలసినదేమీ ఉండదు. ఆజ్ఞను టైపు చేస్తే పటం వస్తుంది. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. సూత్రం సరిగా ఉంటే రూపం సిద్ధిస్తుంది.

ఉబుంటులో టెర్మినల్ తెరచి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీఎంటీ’ అని కొట్టాలి (ఆంగ్లాక్షరాలలోనే సుమా). తీరరేఖలు, నదులు ‘జీఎంటీ-జీఎస్‌హెచ్‌హెచ్‌జీ’ అనే మూటలోను, రాష్ట్రాల ఎల్లలు ‘జీఎంటీ-డీసీడబ్ల్యూ’ అనే మూటలోను వేరుగా ఉంటాయి. సముద్రం లేని సోమలకు తీరరేఖలెందుకని మొదటిదాన్ని వదలకండి, నదులు పోతాయి. మాక్‌లో ముందు హోంబ్రూను స్థాపించుకొని, ఆపైన ‘బ్రూ ఇన్‌స్టాల్ జీఎంటీ’ అంటే చాలు. విండోస్‌కు ఇన్‌స్టాలర్ ఉన్నది. ‘పాత్’లో చేర్చమంటావా అని అడిగినప్పుడు ఔననాలి. అక్కడి కమాండ్ ప్రాంప్టుకు ఒంటి ఉద్ధరణ చిహ్నాలు రుచించవు, జంటవే వాడాలి. లినక్సులో చక్కగా నడిచిన ఆజ్ఞ విండోస్‌లో మొరాయించడానికి తరచు ఇదే కారణం.

రేఖాంశం 78 నుండి 79, అక్షాంశం 12.5 నుండి 14 అని హద్దులిచ్చాను. అడుగున కుప్పం, నడుమ పుంగనూరు, సోమల, పైన మదనపల్లె, దానిపైన హార్స్‌లీ కొండలు అన్నీ ఇమిడిపోయాయి. 2019లో వచ్చిన ఆరవ కూర్పు నుండి ఎత్తుల సమాచారం కోసం మనం వెదుకులాడనక్కరలేదు. కావలసినంత మేర అదే సర్వరు నుండి తెచ్చుకొంటుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలు. దీని అక్షర విన్యాసం పోస్ట్‌స్క్రిప్ట్ కాలం నాటిది. లాటిన్ లిపి వంటివి తెలుసు గాని, గుణింతం తెలియదు, ఒత్తు తెలియదు. ‘మదనపల్లె’లోని లకారానికి లావత్తు అంటించడం దాని వశం కాదు. యూనికోడు వచ్చిన కొత్తలో విడివడిన వత్తులతో మనం పడిన అవస్థలు మీకు గుర్తుండే ఉంటాయి. ఊరి పేరును ఆంగ్లంలో వ్రాసి సరిపెట్టుకోవచ్చునని ఒక మిత్రుడన్నాడు. పేర్ల కోసమే పటం గీస్తున్నప్పుడు ఆ పేర్లే పరాయి లిపిలో ఉంటే ఇంత శ్రమ దేనికి?

కనుక కొండలు, ఏరులు, ఊళ్ళ చుక్కలు మాత్రం జీఎంటీ చేత గీయించి, పీడీఎఫ్‌గా తీసి, ఇంక్‌స్కేప్‌లో తెరచి, నోటో తెలుగు ఖతితో పేర్లు నేనే వ్రాస్తున్నాను. ఇంక్‌స్కేప్‌కు వత్తులు వచ్చు. మూడు యంత్రాలకూ అది దొరుకుతుంది. హద్దులు మారిస్తే పేర్లన్నీ మళ్ళీ సర్దుకోవాలి, అదొక్కటే బాధ. ఊళ్ళు చాలావరకు ఎక్కాయి. చెరువులు ఇంకా మిగిలి ఉన్నాయి.