చెరిసగం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మా నాన్న గుమాస్తా. తేజ, 334 మిర్చి రకాల్లో ఏ రైతు టిక్కీలు (బస్తాలు) ఏ ఛాంబర్లో ఉన్నాయో ఆయన నాలుక మీదే ఉండేది. ఆ లెక్కని రైతు ఫోన్లోకి తేవాలని నా పట్టుదల. నేను చదివింది బీకాం.

మొదట హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి డబ్బు కట్టాను. యాప్ ఇచ్చారు, సోర్స్ కోడ్ మాత్రం ఇచ్చేది లేదన్నారు. బయటివాళ్లు రాసిన కోడ్, రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప, మామూలుగా రాసినవాళ్లదేనట, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం. మా కాగితాల్లో ఆ ఊసే లేదు.

ఆ యాప్‌ని పక్కనపెట్టి, ఇక కోడ్ రాయగల కో-ఫౌండర్ వేట. టీ-హబ్, మాదాపూర్ కాఫీ షాపులు, స్నేహితుల స్నేహితులు. "జీతం ఎంత?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. వాళ్ల మీద నాకు కోపం లేదు. మణికొండ ఫ్లాటుకి ఈఎంఐ కట్టేవాడు మిర్చి బస్తాలను నమ్ముకుని ఉద్యోగం మానేస్తాడా?

చివరికి ఒకాయన వచ్చాడు. పనిమంతుడే. వాటాలు చెరిసగం రాసుకున్నాం. ఫిబ్రవరిలో కొత్త పంట యార్డుకి వచ్చేసరికి ఆయనకి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. "వీకెండ్‌లో చేసేస్తా తమ్ముడూ" అన్నాడు. ఏ వీకెండూ చేయలేదు. డైరెక్టర్ పదవికి రాజీనామా పంపాడు, వాటాలు మాత్రం ఉంచుకున్నాడు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు ఉండి తీరాలి గనుక అమ్మను పెట్టాను. వచ్చిన ఓటీపీ చదివి చెప్పడమే ఆవిడ డ్యూటీ.

పెట్టుబడి పెడదామని వచ్చినవాళ్లు వాటాల పట్టిక చూడగానే ఫైలు మూసేసేవారు. సగం కంపెనీ పనిచేయని మనిషి చేతిలో ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? వాటాలు తిరిగిమ్మని ఆయనతో అర్ధరాత్రి ఫోన్లలో బేరం సాగింది. "నా రాత్రుళ్లకి విలువ లేదా?" అనేవాడు. ఉంది, కాదనలేను. అప్పు తెచ్చి కొంత ముట్టజెప్పి, కొద్ది వాటా ఆయనకే వదిలేస్తే, అప్పుడు మిగతా వాటాల బదిలీకి ఎస్‌హెచ్-4 ఫారం మీద సంతకం పెట్టాడు.

ఈలోగా యాప్ లేకుండానే ఎక్సెల్, వాట్సాప్‌తో నడిపాను. రైతులు రోజూ మెసేజ్ పెట్టేవారు. ఆ మెసేజ్‌లు చూసిన మీదటే ఇప్పటి కో-ఫౌండర్ వచ్చింది, నరసరావుపేట అమ్మాయి. యార్డులో ఘాటుకి తుమ్ముతూ పొద్దంతా తిరిగాకే సరేనంది. ఆమె వాటా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొస్తుంది. ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. నా వాటాకీ అదే షరతు పెట్టమంది. పెట్టాను.