రోజుకి 80 మైళ్ళు

2023 జనవరిలో ఒక సాయంత్రం ఇంగ్లండులోని ఎం4 మోటార్‌వే మీద, హంగర్‌ఫర్డ్ దాటాక నా బండి మొరాయించింది. ఇంజను ఆగలేదు. యాక్సిలరేటర్ తొక్కితే గట్టిగా అరుస్తోంది కానీ బండి మాత్రం ముందుకి లాగడం లేదు. గేరు చూపించే చోట ‘ఎన్’ అనే అక్షరం వెలుగుతూ ఆరుతూ ఉంది. మిగిలిన కాస్త వేగంతో ఎడమ పక్క హార్డ్ షోల్డర్ మీదికి తెచ్చి, ఎడమ తలుపులోంచి దిగి, ఇనుప కంచె దాటి గట్టు మీద నిలబడ్డాను. ఇక్కడి నియమం అదే. బండిలో కూర్చోకూడదు, కంచె అవతలే ఉండాలి. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి కాళ్ళ కింద గడ్డి మొత్తం ఒక పక్కకి వాలిపోయేది. రికవరీ ట్రక్కు రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ పాపని బడి నుంచి ఎవరు తెస్తారా అని ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

మేముండేది రెడింగ్‌లో. మా ఆయన ఆఫీసు, పాప బడి ఇక్కడే. నా ఉద్యోగం స్విండన్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో. పోను 40 మైళ్ళు, రాను 40. రైలుంది కానీ తెల్లవారుజామున మొదలయ్యే షిఫ్టులకి రైలూ, దిగాక బస్సూ కుదరవు. ఏడాదికి 220 రోజులు పనికి వెళ్తే 17,600 మైళ్ళు. మన లెక్కలో 28 వేల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాదు నుంచి విజయవాడకి ఏడాదిలో యాభైసార్లు వెళ్ళి వచ్చినంత దూరం. ఇంత దూరం నడిచే బండిని ఎంత జాగ్రత్తగా ఎంచుకోవాలో నాకు తెలిసేసరికి చేతిలో డబ్బు సగం పోయింది.

ఆటోమేటిక్ కావాలనడం నా ముచ్చట కాదు, నా లైసెన్సు అలాంటిది. ఇండియా లైసెన్సుతో ఇక్కడ 12 నెలలే నడపవచ్చు. ఆ తరవాత థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు పాసై ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. పరీక్ష ఆటోమేటిక్ బండిలో ఇస్తే జీవితాంతం ఆటోమేటిక్కే నడపాలి, మళ్ళీ గేర్ల బండిలో పరీక్ష ఇస్తే తప్ప. కొత్తగా వచ్చిన నర్సులు, కేర్ హోముల్లో పనిచేసే మన పిల్లలు, నాలాంటి వాళ్ళు చాలామంది త్వరగా పాసవ్వాలని ఆటోమేటిక్ పరీక్షకే వెళ్తారు. పాసైన వారానికే ఒక పాత ఆటోమేటిక్ వెతకడం మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. రంగు బాగుంది, 41 వేల మైళ్ళే తిరిగింది, ప్రకటనలో ‘ఆటోమేటిక్’ అని ఉంది. ఒక ఇంటి ముందు నిలిపి ఉన్న ఆ బండిని 2,600 పౌండ్లిచ్చి కొన్నాను. గట్టు మీద నిలబడ్డ రోజుకి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. క్లచ్చూ, దాన్ని నొక్కే మోటారూ రెండూ పోయాయి, 1,400 అవుతుందని గ్యారేజీవాళ్ళు చెప్పారు. ఆటోమేటిక్ బండికి క్లచ్చేమిటని అడిగాను. మెకానిక్కు చేతులు తుడుచుకుని, ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆటోమేటిక్ అనే ఒక్క మాట కింద వేరువేరు యంత్రాలున్నాయి. నేను కొన్న రకం పేరుకే ఆటోమేటిక్. లోపల ఉన్నది మామూలు గేరుబాక్సు, మామూలు క్లచ్చు. మన ఎడమ కాలూ, ఎడమ చెయ్యీ చేసే పనిని మోటార్లు చేస్తాయి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో చాలామందికి పరిచయమైన ఏఎంటీ ఇదే. కొత్తది, వారంటీలో ఉన్నదైతే సరే. పన్నెండేళ్ళు వాడిన దాంట్లో క్లచ్చు ఎంత అరిగిందో, ఆ మోటారుకి ఎంత ఊపిరి మిగిలిందో బయటికి కనిపించదు. ఇక్కడ దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. టయోటాలో మల్టీమోడ్, వాక్స్‌హాల్‌లో ఈజీట్రానిక్, 2008 నుంచి 2011 దాకా వచ్చిన హోండా జాజ్‌లో ఐ-షిఫ్ట్. గుర్తుపట్టడం తేలిక. ఈ మూడింటిలోనూ లివర్ మీద ఆర్, ఎన్ ఉంటాయి కానీ పార్కింగ్ కోసం ‘పి’ ఉండదు. నడుపుతుంటే గేరు మారిన ప్రతిసారీ తల కొంచెం ముందుకి ఊగుతుంది.

మిగతా వాటి గురించి క్లుప్తంగా చెప్తాను. రెండు క్లచ్చులున్న గేరుబాక్సు నడపడానికి చాలా హాయి. కానీ పొడి క్లచ్చుల రకం జామ్‌లలో త్వరగా అరుగుతుంది, ఆయిల్‌లో మునిగి ఉండే రకానికి వేళకి ఆయిల్ మార్చి తీరాలి. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు కప్పీల మధ్య ఒక లోహపు బెల్టు పైకీ కిందికీ జరుగుతుంది. దానికీ దాని సొంత ఆయిల్ మీదే బతుకు. అన్నిటికన్నా పాతది టార్క్ కన్వర్టర్. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఆయిలే వారధి. ఇంధనం కాస్త ఎక్కువ తాగినా ఎన్నో దెబ్బలు ఓర్చుకుంటుంది. ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చాలామంది అమ్మకందారులు చెప్తారు. నమ్మకండి. ఇలాంటి గేరుబాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ తానే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని చెప్తోంది. మార్చిన బిల్లు చూపించమని అడగండి.

ఇక నేను చివరికి ఎంచుకున్నది హైబ్రిడ్. ఆ దారి చూపించింది మా వీధిలో ఉండే ఒక పంజాబీ పెద్దాయన. ట్యాక్సీ నడుపుతారు. నా బండి ట్రక్కు మీద రావడం చూసి తలుపు తట్టారు. “బేటా, నువ్వు కొన్నది రోడ్డు మీద తిరిగే బండి. నీకు కావలసింది రోజంతా తిరిగే బండి,” అన్నారు. ఆయన టయోటా ప్రియస్ 2010 నాటిది. అప్పటికి 2,40,000 మైళ్ళు నడిచింది. హైబ్రిడ్ బ్యాటరీ ఒకసారి మార్చారట. గేరుబాక్సు జోలికి వెళ్ళనే లేదట. ఎందుకు వెళ్ళలేదో తరవాత చదివి తెలుసుకున్నాను. ఆ గేరుబాక్సులో క్లచ్చు లేదు, బెల్టు లేదు, వెనక్కి నడిపే గేరు కూడా లేదు. మధ్యలో ఒక పళ్ళ చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టిన ఒక పళ్ళ కడియం. ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. రెండు విద్యుత్ మోటార్లు మిగతా పనంతా చేస్తాయి. విడిగా స్టార్టర్ మోటారు కూడా ఉండదు. అరిగే వస్తువు తక్కువైతే ఆగిపోయే కారణమూ తక్కువే.

ఆయన వెనక తలుపు తీసి సీటు పక్కన చిన్న జాలీ చూపించారు. బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే పోతుంది. దుమ్మూ, కుక్క వెంట్రుకలూ అడ్డుపడితే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. ప్రతి బండిలోనూ ముందు అది చూడమన్నారు. తరవాత నేను చూసిన ఏడు బండ్లలో రెండింటిలో ఆ జాలీ బూడిదరంగు దూదితో మూసుకుపోయి ఉంది.

డీజిల్ సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. పూర్తిగా మోటార్‌వే మీదే తిరిగేవాళ్ళకి టార్క్ కన్వర్టర్ ఉన్న డీజిల్ మంచి బండి. పొగలోని మసిని పట్టే ఫిల్టరు శుభ్రపడాలంటే చాలాసేపు ఒకే వేగంతో నడవాలి, మోటార్‌వే ఆ అవకాశం ఇస్తుంది. ప్రకటనల్లో చెప్పే హైబ్రిడ్ మైలేజీ 70 మైళ్ళ వేగంలో రాదు. నాకు గ్యాలనుకి 53 వస్తోంది, అంతే. కానీ పండగలకి మేము లండన్‌లో బంధువుల ఇంటికి వెళ్తాం. 2023 ఆగస్టు 29 నుంచి అక్కడి బరోలన్నింటిలోనూ పాత డీజిల్‌కి రోజుకి 12.50 పౌండ్లు కట్టాలి. ఆ రుసుము తప్పాలంటే పెట్రోలుకి యూరో 4 కాలుష్య ప్రమాణం చాలు, అంటే దాదాపు 2006 నుంచి వచ్చినవి. డీజిల్‌కి యూరో 6 కావాలి, అంటే సుమారుగా 2015 సెప్టెంబరు తరవాతవి. బ్రిస్టల్‌లోనూ ఇలాంటి రుసుమే ఉంది. నా డబ్బుకి వచ్చే డీజిల్ ఏదీ ఈ గీత దాటలేదు.

ఇంధనం లెక్క ఒక్కటి చూడండి. గ్యాలనుకి 35 మైళ్ళిచ్చే బండికి నా 80 మైళ్ళకి పది లీటర్ల పైన కావాలి. 50 ఇచ్చే బండికి ఏడు లీటర్ల పైచిలుకు చాలు. లీటరు 1.40 పౌండ్లనుకుంటే తేడా రోజుకి నాలుగున్నర పౌండ్ల దాకా ఉంటుంది. ఏడాదికి దాదాపు వెయ్యి. చవగ్గా దొరికిందని కొన్న బండి ఆ మిగులునంతా ఒక్క ఏడాదిలో తాగేస్తుంది.

ఈసారి బండి చూడటానికి ముందే దాని చరిత్ర చూడటం నేర్చుకున్నాను. బండి నంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటులో పాత ఎంఓటీలన్నీ, అంటే ఏటా బండికి చేయించాల్సిన తనిఖీ పరీక్షలన్నీ, ఉచితంగా కనిపిస్తాయి. ఎప్పుడు పాసైంది, ఎప్పుడు తప్పింది, అప్పటికి ఎన్ని మైళ్ళు తిరిగింది, పరీక్షకుడు ఏం హెచ్చరించాడు, అన్నీ ఉంటాయి. ఒక బండికి వరసగా మూడేళ్ళు ‘ముందు టైర్లు లోపలి అంచున అరిగాయి, బ్రేకు పైపు తుప్పు పట్టింది’ అనే రాసి ఉంది. అంటే యజమాని మూడేళ్ళుగా వింటున్నాడు, ఏమీ చెయ్యలేదు. ఆయన ఇంజను ఆయిల్ మాత్రం వేళకి మార్చి ఉంటాడా? ఇంకో బండికి ఒక ఏడాది రాసిన హెచ్చరిక మరుసటి ఏడాదికి మాయమైంది. ఏటా ఎనిమిది తొమ్మిది వేల మైళ్ళు, ఒకే తీరుగా. ఆ మనిషిని నేను చూడలేదు కానీ ఆ చిట్టా చదివితే ఆయన మీద గౌరవం కలిగింది. తక్కువ తిరిగిందన్న ఒక్క కారణంతో బండి మంచిదనుకోవడం నా మొదటి పొరపాటు. ఇంటి ముందు నెలల తరబడి నిలబడి, అప్పుడప్పుడు బజారుకి వెళ్ళొచ్చిన బండి కన్నా, రోజూ తిరుగుతూ వేళకి సర్వీసింగ్ అయిన బండే దూరాలకి నిలుస్తుంది.

మా నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవరు. ఫోన్లో ఒకటే చెప్పారు: “వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడమ్మా. చల్లగా ఉంటేనే మాట్లాడు.” చల్లటి ఇంజను మొదటిసారి రాజుకునేటప్పుడే దాని రోగాలు బయటపడతాయి. ఒకచోట అమ్మే అతను నేను వచ్చేసరికే బండి కడిగి సిద్ధంగా పెట్టాడు. చెయ్యి పెడితే బానెట్ కాలుతోంది. నమస్కారం పెట్టి వచ్చేశాను. నేను వెతుకుతున్న టయోటా హైబ్రిడ్లలోని 1.8 లీటర్ల ఇంజన్లకి అది మరీ ముఖ్యం. పొగని తిరిగి ఇంజనుకి పంపే దారి మసితో మూసుకుపోయి హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినడం వీటిలో తెలిసిన జబ్బు. అది మొదలైతే చలి ఉదయాన బండి రాజుకోగానే కొన్ని క్షణాలు గడగడా వణుకుతుంది, కూలెంట్ మెల్లగా తగ్గుతుంది.

మార్చిలో 2012 నాటి టయోటా ఆరిస్ హైబ్రిడ్ కొన్నాను. 84 వేల మైళ్ళు, పుస్తకంలో ప్రతి ఏటి ముద్రా ఉంది. ఈ బండ్లు ఇంగ్లండులోనే, డెర్బీషైర్‌లోని బర్నాస్టన్‌లో తయారయ్యాయి. 5,200 పౌండ్లు. ఈసారి డీలరు దగ్గరే తీసుకున్నాను. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం డీలరు అమ్మిన బండిలో లోపముంటే 30 రోజుల్లోపు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఇంటి దగ్గర కొన్న బండికి ఆ రక్షణ లేదు. డబ్బు కట్టే ముందు పదీ ఇరవై పౌండ్లిచ్చి, దాని మీద ఎవరి అప్పూ లేదని, ప్రమాదంలో దెబ్బతిని మళ్ళీ రోడ్డెక్కిన బండి కాదని చూసుకున్నాను. ఇన్సూరెన్సు ధర కూడా ముందే కనుక్కున్నాను. సీట్లో ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నాను. రోజుకి రెండు గంటలు నడుముకి ఆసరా ఇచ్చేది అదే.

పాత బండి వెలకే డబ్బంతా పెట్టేసి జేబు ఖాళీ చేసుకోకూడదు. ఎనిమిది వందలు విడిగా ఉంచాను. మొదటి నెలలోనే నాలుగు టైర్లు, బ్రేకు ఆయిల్, కూలెంట్, చిన్న 12 వోల్టుల బ్యాటరీ మార్పించాను. ఈ హైబ్రిడ్ల కింద ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని విలువైన లోహాల కోసం దొంగలు దాన్ని కోసుకుపోతుంటారు. దానికి అడ్డంగా లోహపు పలక బిగించడానికి ఇంకొంత అయింది.

ఇప్పుడు ఓడోమీటరు మీద 1,31,000 మైళ్ళు. తెల్లవారకముందు లాంబోర్న్ గుట్టల మీద పొగమంచు పట్టిన రోజుల్లోనూ, థీల్ దగ్గర గంట సేపు అంగుళం అంగుళం జరిగిన రోజుల్లోనూ నన్ను ఒక్కసారి కూడా రోడ్డు మీద వదిలెయ్యలేదు. పోయిన నవంబరులో ఎంఓటీ పాసైంది. వెనక టైర్లు అరుగుతున్నాయని రాశారు, ఆ వారమే మార్పించాను.

కొత్తగా లైసెన్సు చేతికొచ్చి బండి వెతుకుతున్న అక్కచెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ ఒక్క విన్నపం. అమ్మేవాళ్ళని రంగు, మైళ్ళు అడిగే ముందు ‘ఇది ఏ రకం ఆటోమేటిక్’ అని అడగండి. చెప్పలేకపోయినా, మాట దాటేసినా, ఆ రోజుకి డబ్బు కట్టకుండా ఇంటికి వచ్చెయ్యండి.