ఖరగపూరులో ఆరు వారాలు

1987 వేసవిలో మూడో సంవత్సరం పరీక్షలు పూర్తి కాగానే, కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ విద్యార్థులమంతా ప్రాక్టికల్ ట్రైనింగు కోసం తలా ఒక దిక్కుకూ బయలుదేరాము. అదృష్టవంతులకు విశాఖపట్నం, హైదరాబాదు దొరికాయి. నా వంతుకు ఖరగపూరు రైల్వే వర్క్‌షాపు వచ్చింది.

మా అమ్మకు ఖరగపూరు ఎక్కడున్నదో తెలియదు. బెంగాలు అనగానే ఆవిడకు తెలిసినవి రెండే: చేపలు, రసగుల్లాలు. “రసగుల్లాలు తిని ఆరు వారాలు ఎలా బతుకుతాడండీ పిల్లవాడు?” అని నాన్నగారిని నిలవేసింది. నాన్నగారు బడిపంతులు. ఆయన తోటి మాస్టారొకాయనది టెక్కలి ప్రాంతం. వారి దూరపు చుట్టం ఒకాయన ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరు. ఆయనకు ఉత్తరం వెళ్లింది, జవాబు వచ్చింది, నా బసకు ఏర్పాటు జరిగింది. అయినా అమ్మ మనసు కుదుటపడక, ఆ ఏడాది కొత్తావకాయ ఒక జాడీ నిండా పెట్టి, వాసెన కట్టి నా చేతికిచ్చింది. సామర్లకోటలో హౌరా మెయిలు ఎక్కినది మొదలు నేను కాపలా కాసింది నా పెట్టెకు కాదు, ఆ జాడీకి!

ఇంకా చీకటి ఉండగానే ఖరగపూరులో దిగాను. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అదేనని చిన్నప్పటి నుంచీ చదువుకున్నదే. 2013లో గోరఖ్‌పూరు, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళి ఆ పేరు పుచ్చుకున్నాయి గాని, ఒక చేత పెట్టె, ఒక చేత జాడీ పట్టుకొని ఆ ప్లాట్‌ఫారం మీద నడిచినవాడికి దానిని మించినది మరొకటి ఉంటుందంటే నమ్మకం కలగదు.

బయటికి వచ్చి, దారి పొడుగునా వల్లె వేసుకున్న హిందీ వాక్యాన్ని రిక్షావాడి ముందు అప్పజెప్పాను. “మథురాకాటీ కిత్‌నా దూర్ హై?” అతడు నన్నూ, జాడీనీ ఎగాదిగా చూశాడు.

“మథురకాటికే గదా బాబూ? ఎక్కు. ఆవకాయ జాడీ జాగర్త, రోడ్డు గతుకులు,” అన్నాడు.

నా హిందీ చదువు ఆ రిక్షా దగ్గరే ముగిసింది.

ఖరగపూరులో అంతమంది తెలుగువాళ్లు ఉండడానికి కారణం రైలే. బెంగాల్ నాగపూర్ రైల్వే పుట్టింది 1887లో. నేను వెళ్లిన ఏటికి సరిగా నూరేళ్లు. ఆ కంపెనీ పట్టాలు ఇటు వాల్తేరు దాకా వచ్చాయి. ఖరగపూరులో పెద్ద వర్క్‌షాపు లేచినప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఆ పట్టాల వెంట పనికి తరలి వెళ్లాయి. గోల్ బజారులో బేరమాడుతున్న గొంతులు, వీధిలో ఇడ్లీ బండి దగ్గర వేచి ఉన్న మనుషులు, సాయంత్రం అరుగు మీద కబుర్లు – కళ్లు మూసుకుంటే ఏ పలాసలోనో ఉన్నామనిపిస్తుంది. కళ్లు తెరిస్తే ఎర్రమట్టి నేల, మద్దిచెట్ల నీడ, దుకాణాల మీద బెంగాలీ అక్షరాలు.

మేస్త్రీగారి ఇంట్లో ముగ్గురు పెద్దలు. మేస్త్రీగారు, ఆయన భార్య – ఆవిడను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి – మేస్త్రీగారి తల్లి మామ్మ. మామ్మకు ఎనభై దాటాయి. పన్నెండో ఏట పెళ్లికూతురుగా వంశధార ఒడ్డు నుంచి వచ్చిందట. నేను కాళ్లకు దండం పెట్టగానే ఆవిడ అడిగిన మొదటి మాట నా పేరు కాదు.

“వంశధారలో నీరుందా నాయనా?”

రైలులో నిద్రపోతూ వంశధార దాటిన నేను ఏమి చెప్పను? “ఉంది మామ్మా,” అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. దక్షిణాది నుంచి ఎవరు వచ్చినా అదే ప్రశ్నట.

మామ్మ కబుర్లలో పుష్కరాలూ కరువులూ కాక ఇంకొక గుర్తు ఉండేది: “సమ్మె నాడు”. 1928లో, ఉద్యోగాలు పోయినవారి కోసం బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు చేసిన సమ్మె అది. దానికి నాయకుడు తరవాత 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు. మామ్మ భర్త ఆ సమ్మెలో ఉన్నాడు. “పొయ్యి ఎలగలేదు గాని తల దించలేదు,” అనేది ఆవిడ.

మనుమలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడేవారు. తెలుగు చదవడం మాత్రం వారికి రాదు. అందుచేత మా అమ్మ రాసిన ఇన్‌లాండు ఉత్తరాలు ఆ ఇంట్లో పైకి చదవవలసి వచ్చేది. మా దొడ్లో బీరపాదు కాసిన సంగతి, పక్కింటివారి అమ్మాయి నిశ్చితార్థం – అన్నీ మామ్మ కళ్లు మూసుకొని, తన కూతురు రాసినట్టే వినేది. ఆవకాయ జాడీ వారం తిరక్కుండానే ఖాళీ అయింది. పెద్దమ్మ దానిని కడిగి, ఆవనూనెలో కలిపిన మరమరాలు నాకు అలవాటు చేసింది. మొదటి రోజు ముక్కు మూసుకున్నాను. పదో రోజున రెండోసారి అడిగాను.

ఒక ఆదివారం హిజ్లీ వెళ్లాము. బ్రిటిషువారు రాజకీయ ఖైదీలను నిర్బంధించిన భవనం అది. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు చనిపోయారు. 1951లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే మొదలైంది. తిరిగి వస్తుంటే ఎర్రధూళి లేపుకుంటూ గాలివాన పట్టుకుంది. వేసవి సాయంకాలాల్లో హఠాత్తుగా వచ్చే ఆ వానను అక్కడివారు కాలవైశాఖి అంటారు.

ఇక వర్క్‌షాపు. ఉదయం సైరను మోగగానే సైకిళ్లు ఏటికి వరద వచ్చినట్టు గేటులోకి వచ్చేవి. దేశమంతా తిరిగి తిరిగి అలసిన రైలుపెట్టెలు నియమిత కాలానికి ఒకసారి అక్కడికి వస్తాయి. వాటిని ఎత్తి, చక్రాలు ఊడదీసి, బ్రేకులు, స్ప్రింగులు, బేరింగులు అన్నీ విప్పి, పరీక్షించి, మరమ్మతు చేసి, రంగు వేసి పంపుతారు. నన్ను చక్రాల విభాగంలో వేశారు. మేస్త్రీగారు ఉండేది అక్కడే.

రైలు చక్రం చూడడానికి చదునుగా ఉంటుంది గాని చదును కాదు. లోపలి అంచు వైపు కాస్త లావు, బయటి వైపు కాస్త సన్నం. దీని మర్మం తెలియాలంటే మీ వంటింట్లోని గ్లాసును నేల మీద దొర్లించి చూడండి. తిన్నగా పోదు, సన్నటి వైపుకు గుండ్రంగా తిరుగుతుంది. అటువంటి గ్లాసులు రెండింటిని మూతికి మూతి ఆనించి దొర్లిస్తే, ఒకటి పెడదారి పట్టబోతే రెండోది సర్దుతుంది. రైలు వంపు తిరిగేటప్పుడు పట్టాల మీద నిలిచేది ఈ కిటుకు వల్లనే. అయితే ఒక షరతు: ఒకే ఇరుసుకున్న చక్రాలు రెండూ సమానంగా ఉండాలి. తేడా అర మిల్లీమీటరు మించకూడదు. మించితే ఇరుసు చిన్నచక్రం వైపుకే ఒరిగి పరుగెత్తుతుంది. ఆ చక్రం అంచు పట్టాను రాసుకొని రాసుకొని పలచబడుతుంది. పలచబడిన అంచు ఏనాడు ఏమి చేస్తుందో చెప్పలేము.

కొత్తలో పెట్టె చక్రం అడ్డుకొలత 915 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా లేతు మీద చెక్కి మళ్లీ ఆకారం తెస్తారు. చెక్కగా చెక్కగా 825కు దిగితే ఇక దానికి పదవీ విరమణే. ఇరుసు చివర నూనె రాసి, చెవికి వినబడని ధ్వనిని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి కంటికి కనబడని పగులు పట్టుకుంటారు. ఇవన్నీ చూసి, “పని అంతా వచ్చేసింది,” అని మూడో వారంలోనే నాన్నగారికి ఉత్తరం రాశాను.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, లేతు మీద నుంచి దిగిన చక్రాల జతలు కొలిచి పుస్తకంలో రాసే పని నాకిచ్చారు. రేకుల కప్పు కింద వేడి కొలిమిలా ఉంది. ఎనిమిది జతలు శ్రద్ధగానే కొలిచాను. తొమ్మిదో జతలో ఒక చక్రం కొలిచేసరికి పని ముగిసే వేళయింది. ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయి, తొమ్మిదోది ఎందుకు ఉండదు? రెండో చక్రానికి కూడా మొదటి అంకే వేసి, సంతకం పెట్టి మూసేశాను.

మేస్త్రీగారు పుస్తకం తెరిచి కింద తన సంతకం పెట్టబోతూ ఆగారు.

“ఇవి నువ్వే కొలిసేవా బాబూ?”

“కొలిచాను.”

ఆయన మరో మాట అనలేదు. గేజి తీసుకొని తొమ్మిదో జత దగ్గర కూర్చున్నారు. సైరను మోగింది. అందరూ చేతులు కడుక్కొని వెళ్లిపోతున్నారు. ఆయన రెండుసార్లు కొలిచారు. తరవాత గేజి నా చేతికిచ్చారు. నేను కొలిచాను. తేడా మిల్లీమీటరు పైనే ఉంది.

నాకు నాలుక పిడచకట్టింది. సర్టిఫికెట్టు సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదంటే అబద్ధం. కాని అంతకంటె ముందు గుర్తుకు వచ్చింది ఆయన సంతకం. ముప్పై ఏళ్ల పైబడిన సర్వీసు. అయిదు నెలల్లో రిటైరు కావలసిన మనిషి. నా అంకె కింద ఆయన పేరు ఉండబోయింది.

“ఈ సెక్రాలు ఏ బండికి పోతాయో తెల్సా?” అన్నారు.

“తెలియదండీ.”

“నాకూ తెల్దు. ఈస్టిండియా అంతా తిరగొచ్చు, వాల్తేరు పోవొచ్చు. మీ అమ్మ ఎక్కిన పెట్టికే ఉండొచ్చు. తెల్దు గనకే బాబూ, అన్నీ కొలవాల.”

కోపంగా అన్నా బాగుండేది. ఆయన చాలా నెమ్మదిగా అన్నారు.

“రిపోర్టు చేస్తారా?” అని అడిగాను.

“నాను సెయ్యను. నువ్వు సెప్తావో లేదో నీ ఇష్టం.”

ఆ రాత్రి పెద్దమ్మ వడ్డించిన అన్నం గొంతు దిగలేదు. మేస్త్రీగారు ఆ విషయం ఇంట్లో ఎత్తనేలేదు. మరునాడు సైరను మోగకముందే సూపర్వైజరుగారి బల్ల ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన విని, పుస్తకం తెప్పించారు. నేను జేబులోంచి రబ్బరు తీశాను.

“అది లోపల పెట్టు. తప్పు చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, తేదీ వేసి సంతకం చెయ్యి. తప్పు కూడా కనబడాలి,” అన్నారు.

అలాగే చేశాను. తొమ్మిదో జత మళ్లీ లేతు ఎక్కింది. నా చేతనే మళ్లీ కొలిపించారు. ఆ గీత, ఆ సంతకం చూసినవారందరికీ కనిపిస్తూనే మిగిలిన రెండు వారాలూ గడిచాయి. సర్టిఫికెట్టు ఇచ్చారు. నాన్నగారికి మాత్రం ఇంకొక ఉత్తరం రాశాను: “పని అంతా వచ్చేసిందని రాశాను. అది నిజం కాదు.”

బయలుదేరే రోజున పెద్దమ్మ జాడీని ఖాళీగా పంపకూడదని మరమరాల ఉండలు చేసి నింపింది. మామ్మ కొంగుముడి విప్పి ఒక పావలా నా అరచేతిలో పెట్టింది.

“వంశధారలో ఎయ్యి నాయనా. ఈసారి పడుకోకు.”

ఆవిడకు తెలుసన్న మాట!

స్టేషనుకు మేస్త్రీగారు సైకిలు మీద వచ్చారు. మెయిలు వచ్చి ఆగగానే నేను ముందు చూసింది నా సీటు కాదు, పెట్టె చివర తెల్లటి అక్షరాలు. ఏ వర్క్‌షాపులో ఏ తేదీన మరమ్మతు అయిందో అక్కడ రాసి ఉంటుంది. ఖరగపూరు గుర్తే ఉంది. మేస్త్రీగారు అది చూసి, ఏమీ అనకుండా, పెట్టె గోడను పశువు వీపు తట్టినట్టు ఒకసారి తట్టారు.

పలాస దాటిన తరవాత నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. వంతెన మీద చక్రాల చప్పుడు మారింది. కింద ఇసుక తిన్నెలు, వాటి మధ్య పాయలుగా నీరు. పావలా విసిరాను.

వంశధారలో నీరుంది. ఆ మాట మరునాడే కార్డు మీద రాసి ఖరగపూరుకు పోస్టు చేశాను. పిల్లలకు తెలుగు చదవడం రాదు గనుక, మేస్త్రీగారే చదివి వినిపించి ఉంటారు.